రెండు గదుల ఫ్లాట్‌లో నాన్న పుట్టినరోజు చేయడం ఎలా

మొదటిసారి నాన్న పుట్టినరోజు ఆయనకు చెప్పకుండా చేశాను. మాదాపూర్‌లో ఒక ఖరీదైన హోటల్లో బల్ల మాట్లాడి, కేకు తెప్పించి, ఆఫీసు వాళ్లను నలుగురిని పిలిచి, అమ్మానాన్నలను 'ఊరికే భోజనానికి' అని తీసుకువెళ్లాను. ఉన్నట్టుండి దీపాలు ఆర్పారు, పాట పెట్టారు, ఎవరెవరో చప్పట్లు కొట్టారు. కరెంటు పోయిందనుకుని నాన్న బల్ల కింద చెప్పులు వెతుక్కున్నారు. అమ్మ మెనూ కార్డులో కుడిపక్క అంకెలు తప్ప ఇంకేమీ చదవలేదు. ఇద్దరూ పెరుగన్నం అడిగారు. ఇంటికి వచ్చాక రాత్రి పదిన్నరకు అమ్మ చారు పెట్టింది.

ఆ చారన్నం దగ్గర నాన్న నోరు విప్పారు. "ముందే చెప్పి ఉంటే కొబ్బరికాయలైనా తెచ్చేవాణ్ణి కదా" అన్నారు.

ఇక్కడ రాస్తున్న పద్ధతి అంతా ఆ ఒక్క మాట మీద కట్టుకున్నదే. ఉద్యోగం హైదరాబాద్‌లో, అమ్మానాన్నలు ఊళ్లో, ఇల్లు అద్దెకు తీసుకున్న ఫ్లాటు, వాళ్లలో ఒకరి పుట్టినరోజో పెళ్లిరోజో ఈసారి ఇక్కడే జరపాలని మీ కోరిక అయితే ఇది మీకు పనికొస్తుంది. శుక్రవారం ఉదయం వాళ్లు బండి దిగి, సోమవారం రాత్రి ఎక్కేలా లెక్క వేశాను. పిలుపులు పదిహేను దాటితే మాత్రం ఈ లెక్క తప్పుతుంది. అప్పుడు వంటవాళ్లను మాట్లాడుకోండి.

1. ముందు రోజు తేల్చండి

మన నాన్నల తరంలో చాలామందికి రెండు పుట్టినరోజులు ఉంటాయి. ఒకటి బడిలో చేర్చుకున్న నాడు పంతులుగారు వేసింది. ఆ తరంలో జూన్ 1న, జూలై 1న పుట్టినవాళ్లు అంతమంది ఉండడానికి కారణం అదే. రెండోది ఇంటివాళ్లు గుర్తుపెట్టుకున్న తిథి. ఆధార్ కార్డులో ఉన్న తేదీకి మీరు శుభాకాంక్షలు చెబితే ఆయన 'సరే' అంటారు. ఆ సరేలో ఉప్పూ కారం ఉండవు.

నాయనమ్మ ఉంటే ఆమెను, లేకపోతే మేనత్తను ఫోనులో అడగండి. తేదీ ఎంత అని అడిగితే లాభం లేదు. వానలా ఎండలా, ఏ పండుగ వెళ్లాక, పొలంలో అప్పుడు ఏ పని నడుస్తోంది, ఇలా అడగండి. మా మేనత్త తడుముకోకుండా చెప్పింది: "అట్లతద్ది వెళ్లిన మూడో నాడురా. ఉయ్యాల ఇంకా విప్పలేదు." అట్లతద్ది ఆశ్వయుజ బహుళ తదియ, కాబట్టి నాన్నది షష్ఠి. తిథి తెలిస్తే చాలు, ఈ ఏటి తేదీ గోడమీది క్యాలెండరే చెబుతుంది.

ఆ తిథి బుధవారం వస్తే? ఆ రోజు పొద్దున్నే ఫోను చేసి నమస్కారం చెప్పండి, వేడుక తర్వాతి ఆదివారానికి పెట్టుకోండి. ముందు ఆదివారానికి జరపడం మా అమ్మ ఒప్పుకోదు. రాని పుట్టినరోజు ఎలా చేస్తారని ఆమె వాదన. దానికి నా దగ్గర జవాబు లేదు.

అరవయ్యో పుట్టినరోజు సంగతి వేరు. తెలుగు సంవత్సరాలు అరవైకి ఒకసారి తిరిగి వస్తాయి. 2026 ఉగాదితో మొదలయ్యేది పరాభవ, 1966 ఉగాది తర్వాతి ఏడాదికీ అదే పేరు. పుట్టిన సంవత్సరం పేరుతో సహా తిరిగి వస్తుంది కనుకనే షష్టిపూర్తికి అంత పట్టింపు. పైగా 2026లో అధిక జ్యేష్ఠం ఉంది. జ్యేష్ఠంలో పుట్టినవారికి ఏ జ్యేష్ఠంలో చేయాలన్నది మీరు తేల్చకండి, ఊళ్లో పురోహితుణ్ణి అడగండి. ఇక్కడ చెబుతున్నది యాభై ఎనిమిదో, అరవై మూడో వచ్చినప్పుడు చేసుకునే మామూలు పుట్టినరోజు.

2. టికెట్లు

రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు తెరుస్తారు. ఆ రోజే తీయండి. మగవారికి 60, ఆడవారికి 45 దాటితే కింది బెర్తుల కోటా ఉంది. టికెట్టు మీద ఒకరో ఇద్దరో మాత్రమే ఉన్నప్పుడే అది వర్తిస్తుంది. అందుకని మీ పెదనాన్న కుటుంబాన్ని కూడా అదే టికెట్టులో కలిపి ఆదా చేశాననుకోకండి.

ఏ స్టేషన్లో దిగాలన్నది కూడా ముఖ్యమే. మాది తాడేపల్లిగూడెం దగ్గరి ఊరు, నేను ఉండేది నిజాంపేట. గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే అది లింగంపల్లి దాకా వస్తుంది. సికింద్రాబాద్‌లో దించి, పొద్దుటి రద్దీలో గంటసేపు కారులో కూర్చోబెట్టడం కన్నా ఇంకాసేపు బండిలోనే ఉండనివ్వండి. మియాపూర్, చందానగర్, కూకట్‌పల్లి వైపు ఉండేవాళ్లందరికీ ఇదే మాట. ఎల్బీనగర్ వైపు ఉంటే మాత్రం బస్సే సుఖం. విజయవాడ నుంచి వచ్చే బస్సులు మీ ఇంటి ముందు నుంచే ఊళ్లోకి వస్తాయి.

3. ఆఫీసు

శుక్రవారం సెలవు పెట్టండి. సోమవారం సాయంత్రం నాలుగింటికి లేస్తానని ముందు వారమే చెప్పండి. ఆదివారం మీ వంతు డ్యూటీ ఉంటే ఎవరితోనైనా మార్చుకోండి. పోయినేడు మార్చుకోలేదు. సరిగ్గా విస్తరి వేసే వేళకు ఫోను మోగింది. 'పది నిమిషాలు' అని గదిలోకి వెళ్లినవాణ్ణి గంటన్నరకు వచ్చాను. అందరూ తినేశారు. నాన్న మాత్రం చేయి కడుక్కోకుండా ఆకు ముందే కూర్చుని ఉన్నారు. ఆయన ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేది.

4. పనులు పంచండి

పద్ధతికి ప్రాణం ఇక్కడే ఉంది, కాస్త నిదానంగా చదవండి.

ఊళ్లో పొద్దున్న ఐదింటికి లేచి సాయంత్రం దాకా ఏదో ఒక పని చూసుకునే మనిషిని తెచ్చి, సోఫాలో కూర్చోబెట్టి, చేతికి రిమోట్ ఇచ్చి, 'మీరు కదలకండి నాన్నా, అంతా నేను చూసుకుంటాను' అంటాం. ప్రేమగానే అంటాం. రెండో రోజుకు ఆయన పదకొండో అంతస్తు బాల్కనీలో నిలబడి కింద కార్లు లెక్కపెడుతూ ఉంటారు. మూడో రోజుకు, 'దూడకు జ్వరమట, వెళ్లాలి' అంటారు. దూడకు జ్వరం ఉండదు.

కాబట్టి వారం ముందే ఫోను చేసి విషయం చెప్పండి, పని కూడా అప్పుడే అప్పగించండి. చేసినా చేయకపోయినా ఒకటే అయిన పనులు ఇవ్వకండి, కనిపెట్టేస్తారు. నాన్న రాకపోతే నిజంగా ఆగిపోయే పని ఉండాలి. మా నాన్నకు నేను మూడు అప్పగించాను. మొదటిది కొబ్బరికాయలు. రెండోది ఇరవై అరటి ఆకులు. బండి ఎక్కే సాయంత్రం కోసి, ఈనె విరగకుండా చుట్టి, తడిగుడ్డ కప్పి తెస్తే మర్నాటికే కాదు, మూడో రోజుకూ పచ్చగా ఉంటాయి. మూడోది డబ్బు. ఖర్చుకని ఒక కవరులో నోట్లు పెట్టి నాన్న చేతికి ఇచ్చి, లెక్క రాయమన్నాను. దీనివల్ల ఒక లాభం ఉంది. అమ్మ ప్రతి వస్తువు ధరా మిమ్మల్ని అడగదు, ఆయన్ను అడుగుతుంది. వాళ్లిద్దరూ ముప్పై ఐదేళ్లుగా ఆడుతున్న ఆట అది, మీరు మధ్యలోకి వెళ్లకండి.

అమ్మ విషయంలో పొరపాటు మరో రకంగా జరుగుతుంది. ఆమెకు పని వెతికి ఇవ్వనక్కర్లేదు, అదే ఆమెను వెతుక్కుంటూ వస్తుంది. ఆమె నుంచి మీరు తీసుకోవలసింది తరగడం, రుబ్బడం, గిన్నెలు ఎత్తడం. ఉప్పు, పులుపు, పోపు ఆమెకు వదిలేయండి. వంటింట్లో ఒక కుర్చీ వేసి కూర్చోబెట్టి, 'ఇది చాలా, ఇంకొంచెం వేయనా' అని అడుగుతూ ఉండండి. మొదటి పావుగంట కూర్చోదు. తర్వాత కూర్చుని అధికారం చెలాయించడం మొదలుపెడుతుంది. అదే మనకు కావలసింది.

తోబుట్టువులు వేరే ఊళ్లో ఉంటే వాళ్లకూ ఒక పని ఇవ్వండి. మా అక్క బెంగళూరులో ఉంటుంది, రాలేకపోయింది. పాత ఫొటోలు వెతికి, నాలుగు పెద్దవి చేయించి పంపింది. అందులో నాన్న సైకిలు మీద ఉన్నది ఒకటి. ఆ సైకిలు ఎవరిదన్న తగవు ఆదివారం సాయంత్రం దాకా నడిచింది.

5. ఎవరిని పిలవాలి

పదిహేనుమంది, మీతో కలిపి. నగరంలో ఉన్న మీ చుట్టాలలో నాన్నకు నిజంగా కబుర్లున్నవాళ్లను మొదట రాసుకోండి. మీ స్నేహితులు ఇద్దరు చాలు. ఊరి నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన నాన్న పాత స్నేహితుడు ఒకరు కచ్చితంగా ఉంటారు, ఉప్పల్‌లోనో వనస్థలిపురంలోనో. ఆయన్ను పట్టుకోండి. తక్కిన పద్నాలుగుమంది ఒక ఎత్తు, ఆయన ఒక్కడూ ఒక ఎత్తు.

పెద్దవాళ్లకు సందేశాలు పంపకండి, ఫోను చేసి పిలవండి. మీరు మాట్లాడాక ఫోను నాన్నకు ఇవ్వండి. పక్క ఫ్లాటు వాళ్లను పిలవడం మరిచిపోవద్దు. కుర్చీలు, పెద్ద గిన్నెలు, ఫ్రిజ్‌లో చోటు వాళ్ల నుంచే రావాలి. కుర్చీలు ఇంకా కావాలంటే దగ్గరలోని టెంట్ హౌస్‌లో పదీ పన్నెండూ కూడా అద్దెకు ఇస్తారు. లిఫ్టులో మీరే తెచ్చుకుంటామంటే చేరవేత ఖర్చు మిగులుతుంది.

6. శుక్రవారం

ఏమీ పెట్టుకోకండి. స్నానం, పప్పుచారు, నిద్ర. సాయంత్రం కింద పార్కులో రెండు చుట్లు తిప్పండి, వాచ్‌మన్‌ను పరిచయం చేయండి. మా వాచ్‌మన్ ఏ ఊరివాడో, ఎన్ని ఎకరాలో, ఎందుకు వచ్చాడో నేను మూడేళ్లలో తెలుసుకోనిది నాన్న పది నిమిషాల్లో రాబట్టారు.

7. శనివారం: బజారు, గడియారం, చాయ్

పొద్దున్న ఆరున్నరకు రైతుబజారుకు వెళ్లండి. కూకట్‌పల్లి, ఎర్రగడ్డ, మెహదీపట్నం, సరూర్‌నగర్, మీకు దగ్గరిదేదైతే అది. ఎనిమిది దాటితే మంచి కూరలు పోతాయి, జనం పెరుగుతారు. రైతుబజార్లలో ఆనాటి ధరలు బోర్డు మీద రాసి ఉంటాయి, బేరం ఉండదు. బేరం లేని చోట అమ్మకు ఉత్సాహం సగం తగ్గుతుంది. తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్టుకు పేరుపడిన ఊరు, కాబట్టి ఇక్కడి ఉల్లిపాయల ధర చూసి ఆమె చేసే వ్యాఖ్యానం కూడా వినాలి. గేటు బయట పూలు, కరివేపాకు, నిమ్మకాయలు అమ్మేవాళ్లు ఉంటారు. అక్కడ ఆమెను వదిలి పది నిమిషాలు పక్కకు వెళ్లండి. ఇంకా ఎక్కువ పూలు కావాలనుకుంటే గుడిమల్కాపూర్ పూల మార్కెట్టు ఉంది. కాని ఇద్దరు దేవుళ్లకు, నలుగురి తలల్లోకి కావలసిన పూల కోసం అంత దూరం వద్దు.

ఇంటికి వచ్చి ఇడ్లీ తిన్నాక ఒకే ఒక్క చోటికి తీసుకువెళ్లండి. ఒక్క రోజులో చార్మినార్, గోల్కొండ, బిర్లా మందిర్, ట్యాంక్‌బండ్ చూపించేవాళ్లు ఉన్నారు. మోకాళ్ల నొప్పులున్న అమ్మను గోల్కొండ మెట్లెక్కించి, పైన ఫొటో తీసి, 'ఎంత బాగుందో' అంటారు. ఫొటోలో ఆమె నవ్వు చూస్తేనే తెలిసిపోతుంది.

నేను సాలార్‌జంగ్ మ్యూజియం చూపిస్తాను. శుక్రవారం సెలవు, శనివారం తెరుస్తారు. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ వెళ్లే మెట్రో ఎక్కి, మహాత్మాగాంధీ బస్ స్టేషన్ దగ్గర దిగి, ఆటోలో మూసీ దాటితే చాలు. మెట్రో స్టేషన్లలో లిఫ్టులు ఉన్నాయి, మెట్ల బాధ లేదు. పన్నెండుకు పావుగంట ముందే లోపల ఉండేలా చూసుకోండి. అక్కడ సంగీత గడియారం ముందు జనం కూర్చుంటారు. గంట కాగానే చిన్న గడ్డపు బొమ్మ ఒకటి లోపలి నుంచి వచ్చి గంటలు కొట్టి వెళ్లిపోతుంది. ఏ గంటకు వెళ్లినా చూడవచ్చు గాని, పన్నెండుకైతే పన్నెండు దెబ్బలూ కొడుతుంది. ఒక బొమ్మ పని చేస్తుంటే చూడడానికి అంతమంది పెద్దవాళ్లు ఊపిరి బిగబట్టి కూర్చోవడం నాకు గడియారం కన్నా ముచ్చటగా ఉంటుంది. తర్వాత ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన మేలిముసుగు రెబెక్కా. పాలరాతిలో పల్చటి తడిబట్టను చూసి అమ్మ దాని అంచు ఎక్కడుందని వెతికింది. ఈ రెండూ చూసి, మధ్యలో కనపడ్డ దంతపు వస్తువులు చూసి, ఇంకో ముప్పై గదులు ఉన్నా బయటకు వచ్చేయండి.

అమ్మ తెలంగాణ చిరునామా ఉన్నవారైతే ఆర్టీసీ సిటీ బస్సులో మహాలక్ష్మి పథకం కింద టికెట్టు డబ్బు లేకుండా రావచ్చు. ఆధార్ కార్డు దగ్గర పెట్టుకోమనండి. మా అమ్మది పశ్చిమ గోదావరి చిరునామా, ఆ అదృష్టం లేదు.

తిరుగు దారిలో మొజంజాహి మార్కెట్ దగ్గర ఆగండి. 1930లలో కట్టిన రాతి మార్కెట్టు, లోపలి వరుసలో ఐస్‌క్రీం దుకాణాలు ఉన్నాయి. అట్లతద్ది రోజులు సీతాఫలాల రోజులు కూడా. సీతాఫలం ఐస్‌క్రీం రెండు కప్పులు చెప్పండి, మూడో చెంచా అడగండి. మధుమేహం ఉన్నవాళ్లకు వద్దని మీరు చెప్పకముందే ఆ మూడో చెంచా తిరుగుతుంది.

సాయంత్రం అమ్మ పడుకుని ఉండగా నాన్నను ఒక్కరినే ఇరానీ హోటలుకు తీసుకువెళ్లండి. ఇద్దరే వెళ్లాలి. ఇరానీ చాయ్‌లో డికాషను మూతపెట్టిన పాత్రలో చాలాసేపు విడిగా మరుగుతుంది, పాలు మరో పాత్రలో చిక్కబడుతూ ఉంటాయి. కప్పులోనే రెండింటి పెళ్లి. పాలు ఎక్కువ కావాలంటే 'పౌనా' అనాలి. ఈ మాట నాన్నకు ముందే చెప్పి, ఆయనచేతే చెప్పించండి. ఉస్మానియా బిస్కెట్టు ముంచడంలో మాత్రం జాగ్రత్త. ఒకటి, రెండు అని లెక్కపెట్టేలోగా తీయాలి, లేకపోతే కప్పులో మునిగిపోతుంది. నాన్నది మొదటిది మునిగింది. రెండోది తీస్తూ, తన మొదటి జీతంలో ఎంత తాతయ్యకు ఇచ్చారో, ఎంత దాచుకున్నారో చెప్పారు. ఇంట్లో, అందరి మధ్య, ఆ మాట ఎన్నడూ రాలేదు.

8. శనివారం రాత్రి వంటింట్లో చేయవలసినవి

సిలిండర్ ఎత్తి చూడండి. బరువు తక్కువగా అనిపిస్తే రెండోది సిద్ధంగా ఉండాలి. ఒకసారి పరమాన్నం సగంలో ఉండగా మంట పోయింది. పక్క ఫ్లాటు పొయ్యి మీద దాని ప్రయాణం ముగిసింది.

నాలుగు లీటర్ల పాలు కాచి తోడు వేయండి. పదిహేనుమందికి పెరుగు, ఆవడలకు పెరుగు రెండూ అందులోనే.

పులిహోర పులుసు రాత్రే ఉడికించుకోండి. కిలో బియ్యానికి 125 గ్రాముల చింతపండు, పులుపు ఇష్టమైన ఇంట్లో 150. నానబెట్టి చిక్కగా గుజ్జు తీసి, పసుపు, ఉప్పు, నిలువుగా చీల్చిన పది పన్నెండు పచ్చిమిరపకాయలు, చిన్న బెల్లంముక్క, కాస్త నూనె వేసి, ఆ నూనె పైకి తేలేదాకా ఉడకనివ్వాలి. చల్లారాక మూతపెట్టండి.

గారెలు వద్దు. అమ్మ ఒప్పుకోదు, అయినా వద్దు. చిన్న వంటింట్లో ఒక మనిషి పొయ్యి దగ్గర రెండు గంటలు ఇరుక్కుపోతుంది, ఆ మనిషి అమ్మే అవుతుంది. నేను కనిపెట్టిన రాజీ ఇది: ఆదివారం పొద్దున్నే వీధి చివరి టిఫిన్ సెంటర్లో ముప్పై గారెలు తెచ్చి, గోరువెచ్చని నీళ్లలో ముంచి పిండి, పోపు పెట్టిన పెరుగులో వేసేయండి. మధ్యాహ్నానికి మంచి ఆవడలు. 'బయటివి' అని అమ్మ రెండుసార్లు అంది. మూడు తింది.

9. ఆదివారం

పొద్దున్న నాన్నకు నువ్వుల నూనెతో తలంటు. నూనె అమ్మ పెడుతుంది, మీరు కుంకుడుకాయలు కొట్టి రసం తీయండి. కొత్త బట్టలకు అంచున పసుపు రాసి ఇవ్వాలి. చొక్కా కొనేముందు పాత చొక్కా కొలత తెప్పించుకోండి, ఊళ్లో ఉన్న మనిషి భుజాలు మీరు అనుకున్నదానికన్నా వెడల్పు. అమ్మకు కూడా తప్పకుండా చీర ఉండాలి. ఆయన ఒక్కరికే తెస్తే ఆమె ఏమీ అనదు, ఆయనే అంటారు. ధర చీటీలు తీసేయండి, సంచీ మీద అంటించినది కూడా.

వంట తొమ్మిదికి మొదలుపెడితే పన్నెండున్నరకు అవుతుంది. పులిహోరకు కిలో బియ్యం, తెల్లన్నానికి మరో కిలో. మీ ఇంట్లోది ఐదు లీటర్ల కుక్కరైతే అరకిలో చొప్పున విడివిడిగా వండండి. ఒకేసారి కుక్కితే అడుగు పొంగలి అవుతుంది, పైన పలుకు ఉంటుంది. పులిహోర అన్నం వెడల్పాటి పళ్లెంలో ఆరబోసి, వేడి మీదే కాస్త నూనె, పసుపు, పచ్చి కరివేపాకు చల్లి కదపకుండా వదిలేయండి. ఆరాక పులుసు కలపాలి. వేడి అన్నంలో కలిపితే ముద్దవుతుంది. పోపులో వేరుశనగ గుళ్లు, శనగపప్పు, మినప్పప్పు, ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ. కలపడం చేత్తోనే, మెతుకు విరగకుండా. ఉప్పు మాత్రం అమ్మ చూస్తుంది.

పరమాన్నానికి 400 గ్రాముల బియ్యం, 100 గ్రాముల పెసరపప్పు, రెండు లీటర్ల పాలు, 600 గ్రాముల బెల్లం. బియ్యం, పప్పు మెత్తగా ఉడికి పాలు చిక్కబడ్డాక పొయ్యి ఆపి, పది నిమిషాలు ఆగి, అప్పుడు బెల్లం పాకం వడగట్టి పోయండి. పొయ్యి మీద ఉండగా వేస్తే పాలు విరుగుతాయి. తొందరపడి ఒకసారి విరగ్గొట్టాను. జీడిపప్పు ఎక్కువ వేసి కప్పిపుచ్చాలని చూశాను, మేనత్త మొదటి ముద్దకే పట్టేసింది.

వీటితో దోసకాయ పప్పు, అల్లం పచ్చిమిర్చి వేసిన వంకాయ కూర రెండు కిలోలు, చారు, ఊరి ఆవకాయ. చాలు. ఇంకో కూర పెట్టాలన్న ఆలోచన పదకొండున్నరకు కచ్చితంగా వస్తుంది. రానివ్వకండి.

కేకు సంగతి. పిల్లలు ఉంటే తెండి, గుడ్డు లేనిది. కాని కొవ్వొత్తులు ఊదించకండి. పుట్టినరోజు నాడు దీపం ఆర్పడమేమిటని పెద్దవాళ్లకు లోపల ఎక్కడో గుచ్చుకుంటుంది, పైకి అనరు. మేము దేవుడి దగ్గర దీపం వెలిగించి, నాన్నను పీట మీద కూర్చోబెట్టి, అమ్మా మేనత్తా హారతి ఇచ్చాక, కేకు పిల్లలచేత కోయించాం. కాళ్లకు దండం పెట్టేటప్పుడు వరుసలో ముందు మీరే ఉండండి. ఆఫీసు స్నేహితుల ముందు సిగ్గుపడ్డారంటే ఆయనకు తెలిసిపోతుంది.

ఆకు వేసేటప్పుడు కొస తినేవారి ఎడమచేతి వైపు ఉండాలి. మోకాళ్లు వంగనివాళ్లకు బల్ల మీదే ఆకు వేయండి, తక్కినవాళ్లు కింద. మొదటి వరుసలో నాన్న, ఆయన స్నేహితుడు పక్కపక్కన. వడ్డన మీది. నాన్న లేచి వడ్డించబోతారు. నెయ్యి గిన్నె ఒక్కటి ఆయన చేతికి ఇచ్చి, కూర్చున్న చోటు నుంచే అందరికీ వేయమనండి. మా నాన్న అలా వేస్తూ వేస్తూ స్నేహితుడి ఆకులో పప్పు కనపడకుండా చేశారు.

మధ్యాహ్నం మూడింటికి, ఆకులు తీసి, కొందరు చాప మీద ఒరిగాక, ఫోనులో రికార్డింగ్ పెట్టి బల్ల మీద బోర్లా ఉంచండి. 'ఏదైనా చెప్పండి' అంటే ఎవరూ చెప్పరు. అక్క పంపిన ఫొటోల లాంటిది ఒకటి మధ్యలో పడేసి, 'ఈ పక్కన ఉన్నది ఎవరు' అని అడగండి, తర్వాత నోరు మూసుకోండి. తప్పు చెబితే సరిదిద్దడానికి స్నేహితుడు ఉన్నాడు కదా. నా దగ్గర ఇప్పుడు గంటా నలభై నిమిషాలు ఉంది. అందులో పావువంతు ఆ సైకిలే.

10. సోమవారం

బండి రాత్రికి. లింగంపల్లికి ముప్పావుగంట ముందు చేరండి, మీకు అవసరం లేదనిపించినా ఆయనకు అవసరం. ఇంటి నుంచి బయలుదేరే ముందు నాన్న ఖర్చుల లెక్క చెప్పి మిగిలిన డబ్బు తిరిగి ఇస్తారు. 'ఉంచండి నాన్నా' అనకండి. లెక్క చూసి, సరిపోయిందని చెప్పి తీసుకోండి. ఆ కాగితం మాత్రం దాచుకోండి. మా నాన్నది నా బీరువాలో ఉంది. చివరి పద్దు: పౌనా 2, బిస్కెట్లు 4, ఒకటి మునిగింది.

ఊరి నుంచి పూతరేకులో, ఆవకాయో వచ్చిన స్టీలు డబ్బా ఒకటి మీ దగ్గర ఉంటుంది. కడిగి, తుడిచి, ఖాళీగా పంపకండి. రైల్లోకి పులిహోర ఒక పొట్లం విడిగా కట్టి, డబ్బాలో ఉస్మానియా బిస్కెట్లు నింపండి. నింపే ముందు అడుగున ఒక కాగితం వేయండి, నూనె పీల్చుకుంటుంది.